చదువు ఆపేది గర్భం కాదు

(నాందేడ్‌లో తెలుగు యువతీ యువకుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మాట్లాడుకునే సంగతి మామూలుగా వేదికల మీద వినిపించేది కాదు. వంటింట్లో ఆడవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుని అక్కడే ముగించేది. డిగ్రీలోనో, పీజీలోనో, బి.ఎడ్.లోనో, పిహెచ్.డి.లోనో ఉన్న అమ్మాయి నెల తప్పితే ఆమె చదువు ఏమవ్వాలి? చాలా ఇళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు, ఎందుకంటే జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. "ఇంకేం చదువమ్మా, ముందు కడుపులో బిడ్డ సంగతి చూసుకో" అంటారు. అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ ఒక్క మాటతో మూడేళ్ల కష్టం, ఆ అమ్మాయి వెనక తల్లిదండ్రులు కట్టిన ఫీజులు, కుటుంబంలో మొదటిసారి యూనివర్సిటీ మెట్టు ఎక్కిన ఆడపిల్ల ఆశ, అన్నీ అటక మీదికి చేరతాయి.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. చదువు ఆపేది గర్భం కాదు. హాజరు పట్టీ ఆపుతుంది. ఇవ్వని అర్జీ ఆపుతుంది. బిడ్డను పట్టుకునే చేతులు లేకపోవడం ఆపుతుంది. నలుగురి నోళ్లు ఆపుతాయి. ఈ నాలుగింటికీ మందు ఉంది.

నాందేడ్‌లో ఈ మాట ఎందుకు?

నాందేడ్ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు నేటికీ ఇళ్లలో తెలుగు వినిపిస్తుంది. ధర్మాబాద్ దాటితే బాసర, బిలోలి దాటితే బోధన్ దారి. రైల్వే ఉద్యోగాల కోసం, మగ్గాల కోసం, కూలి పనుల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. 1994 సెప్టెంబర్ 17న స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం ఏర్పడింది. నాందేడ్, లాతూర్, పర్భణీ, హింగోలి, ఈ నాలుగు జిల్లాల పిల్లలకు పెద్ద చదువు దగ్గరైంది. అంతకుముందు ఔరంగాబాద్ విశ్వవిద్యాలయమే దిక్కు. అంత దూరం ఆడపిల్లను పంపని తల్లిదండ్రులు విష్ణుపురికి పంపుతున్నారు. ఇది మంచి మార్పు.

అయితే చదువు వయసూ పెళ్లి వయసూ మన దగ్గర ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు మహారాష్ట్రలో 21.9 శాతం, తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. ఇక 18 దాటాక, డిగ్రీ పూర్తవకముందే పెళ్లయ్యేవాళ్లు మన చుట్టూ ఎందరో మీకే తెలుసు. సంబంధం కుదుర్చుకునే రోజు అత్తింటివారు "పెళ్లయ్యాక చదివిస్తాం" అంటారు. మూడో నెల నుంచి "విశేషం ఏమైనా ఉందా?" అని అడగడం మొదలుపెడతారు. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి వస్తాయి. రెండూ ఒకేసారి జరిగితే ఎలాగన్నది మాత్రం ఎవరూ ఆలోచించరు.

ముందు లెక్క చూద్దాం

ఒక సెమిస్టర్‌లో సుమారు 90 పనిదినాలు అనుకుందాం. చాలా కోర్సుల్లో 75 శాతం హాజరు ఉండాలి. అంటే 68 రోజులు. మిగిలేది 22 రోజులు. ఇప్పుడు పురుడు సంగతి చూడండి. ప్రసవం తర్వాత కనీసం ఆరు వారాలు తల్లి కోలుకోవాలి. ఆరు వారాలంటే 42 రోజులు, ఆదివారాలు తీసేస్తే 36 పనిదినాలు. 22లో 36 పట్టదు. వేవిళ్లతో మంచం దిగలేని రోజులు, పరీక్షల కోసం ఆస్పత్రి వరుసలో నిలబడిన రోజులు ఇంకా కలపనే లేదు.

ఇక్కడ అమ్మాయి తప్పేమీ లేదు. ఆ నిబంధన రాసినవాళ్ల ఊహలో కడుపుతో ఉన్న విద్యార్థిని లేదు, అంతే. ఉద్యోగం చేసే స్త్రీకి 1961లో ప్రసూతి ప్రయోజనాల చట్టం వచ్చింది. 2017 సవరణతో మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు వచ్చింది. కానీ ఆ చట్టం ఉద్యోగినులకే. విద్యార్థిని ఉద్యోగిని కాదు కాబట్టి ఆ గొడుగు ఆమె మీదికి రాదు. మరి ఆమెకు ఏముంది?

నిబంధనలు ఏమంటున్నాయి

మొదట పరిశోధక విద్యార్థినుల మాట. యూజీసీ 2016 నిబంధనల్లోనే ఎం.ఫిల్., పిహెచ్.డి. చేసే స్త్రీలకు మొత్తం కోర్సు కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చని ఉంది. 2022 నవంబర్‌లో వచ్చిన కొత్త పిహెచ్.డి. నిబంధనలు కూడా దానిని ఉంచాయి. స్త్రీలకు పరిశోధన పూర్తి చేయడానికి అదనంగా రెండేళ్ల గడువూ ఉంది. ఇంకో మంచి సంగతి. పెళ్లి వల్లగాని మరో కారణం వల్లగాని ఊరు మారాల్సి వస్తే, షరతులకు లోబడి, పరిశోధనను కొత్త ఊరి విశ్వవిద్యాలయానికి మార్చుకునే వీలు కూడా ఆ నిబంధనల్లో ఉంది. నాందేడ్ అమ్మాయిని నిజామాబాద్‌కు ఇచ్చామనుకోండి, పిహెచ్.డి. ఇక్కడే పాతిపెట్టి వెళ్లనక్కరలేదు. ఫెలోషిప్ తీసుకునేవాళ్లు తమ ఫెలోషిప్ నిబంధనల్లో ప్రసూతి సెలవు పేరా ఎక్కడుందో ఇప్పుడే చదివి పెట్టుకోండి. అవసరం వచ్చిన రోజు వెతుక్కోవద్దు.

డిగ్రీ, పీజీ చదివేవాళ్లకు 2021 డిసెంబర్ 14 తేదీ ముఖ్యం. ఆ రోజు యూజీసీ అన్ని విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. విద్యార్థినులకు ప్రసూతి సెలవు విషయంలో తగిన నియమాలు రూపొందించుకోవాలనీ, హాజరులో సడలింపు, పరీక్ష ఫారం గడువు పొడిగింపు, ఇంకా అవసరమైన వెసులుబాట్లు కల్పించాలనీ అందులో కోరింది. ఈ లేఖ గురించి తెలియని గుమాస్తాలు ఉంటారు. తెలియని అధ్యాపకులూ ఉంటారు. మీకు తెలిసి ఉండాలి.

కోర్టుల దారి మాత్రం తిన్నగా లేదు. 2018లో ఢిల్లీలో న్యాయశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిని గర్భం వల్ల హాజరు తగ్గిందని కోర్టుకు వెళ్తే, బార్ కౌన్సిల్ హాజరు నియమం అడ్డుపడి ఉపశమనం దొరకలేదు. 2021 డిసెంబర్‌లో అలహాబాద్ హైకోర్టు వేరే దారి పట్టింది. గర్భం, పురుడు కారణంగా పరీక్షలు రాయలేకపోయిన ఒక బి.టెక్. విద్యార్థినికి అవకాశం ఇవ్వాలనీ, ఇలాంటివారి కోసం విశ్వవిద్యాలయం నియమాలు చేసుకోవాలనీ ఆదేశించింది. 2023 మేలో ఢిల్లీ హైకోర్టు ముందుకు ఒక ఎం.ఎడ్. విద్యార్థిని వచ్చింది. ఆమె అడిగింది 59 రోజుల సెలవు. మీరట్‌లోని విశ్వవిద్యాలయం తిరస్కరించింది. కోర్టు ఆ తిరస్కరణను కొట్టేసి, ఆమె అర్జీని మళ్లీ పరిశీలించమంది. చదువా, బిడ్డా, ఏదో ఒకటి ఎంచుకో అని ఒక స్త్రీని బలవంతపెట్టకూడదన్నది ఆ తీర్పు సారం.

కేరళలో ఎవరూ కోర్టు మెట్లు ఎక్కనక్కరలేకుండా ప్రయత్నం జరిగింది. 2022 డిసెంబర్‌లో కొట్టాయంలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం 18 దాటిన డిగ్రీ, పీజీ విద్యార్థినులకు 60 రోజుల ప్రసూతి సెలవు ప్రకటించింది. 2023 జనవరిలో కేరళ ప్రభుత్వం దానిని ఉన్నత విద్యాసంస్థలన్నిటికీ విస్తరించింది. అమెరికాలో గర్భం పేరుతో విద్యార్థినిని బయటికి పంపకూడదని 1972 నాటి టైటిల్ నైన్ చట్టం కింద 1975లోనే నియమాలు వచ్చాయి. అంటే ఇది అయ్యే పనే. అడిగినచోట అవుతోంది.

అర్జీ రాయండి, అంగీకార ముద్ర వేయించుకోండి

మన పిల్లలు చేసే పని ఏమిటంటే, మేడమ్‌కు చెవిలో చెప్తారు. మేడమ్ మంచిది, "పర్వాలేదమ్మా, నేను చూసుకుంటా" అంటుంది. ఆమె బదిలీ అవుతుంది, లేదా పరీక్షల విభాగం ఆమె మాట వినదు. నోటి మాట హాల్ టికెట్ ఇవ్వదు. కాబట్టి ఈ పనులు వరుసగా చేయండి.

గర్భం నిర్ధారణ అయి, మొదటి మూడు నెలలు గడిచేలోగా డాక్టర్ దగ్గర ప్రసవం అంచనా తేదీ రాయించుకోండి. ఆ తేదీని అకడమిక్ క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడండి. ప్రసవం పరీక్షల నెలలో పడుతుందా? ప్రాక్టికల్స్ మీద పడుతుందా? బి.ఎడ్. అయితే బడికి వెళ్లి పాఠాలు చెప్పే వారాల మీద పడుతుందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం భయం తగ్గుతుంది.

తర్వాత విభాగాధిపతికి, ప్రిన్సిపాల్‌కు అర్జీ రాయండి. ఎన్ని రోజుల సెలవు కావాలో, ఏ తేదీ నుంచో, హాజరులో ఏ సడలింపు కావాలో, ఇంటర్నల్ పరీక్షలు ముందో వెనకో రాసే వీలు కావాలో స్పష్టంగా రాయండి. డాక్టర్ సర్టిఫికెట్ జత చేయండి. 2021 యూజీసీ లేఖ తేదీ అందులో పేర్కొనండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. తెలుగింట్లో పెరిగి మరాఠీలో అర్జీ రాయడం కష్టమైతే సిగ్గుపడకండి. ఇక్కడున్న స్నేహితుల్లో మరాఠీ మీడియంలో చదివినవాళ్లు లేరా? ఒకరికొకరు రాసిపెట్టండి. అది కూడా సేవే.

జవాబు రాకపోతే విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి వెళ్లండి. ప్రతి సంస్థలో అలాంటి కమిటీ ఉండాలి.

పరీక్ష రాసే రోజు కడుపు పెద్దదై ఉంటే కింది అంతస్తులో గది, మరుగుదొడ్డికి దగ్గరగా బల్ల, మంచినీళ్లు, చిన్న తినుబండారం అనుమతి ముందుగానే అడగండి. ప్రయోగశాలలో పనిచేసేవాళ్లు గర్భం సంగతి గైడ్‌కు వెంటనే చెప్పాలి. ఫార్మలిన్, ఘాటైన రసాయన ద్రావకాలు, ఎక్స్-రే, ఇవి మొదటి నెలల్లో దగ్గరికి రానివ్వకూడనివి. ఇక్కడ దాచడం మర్యాద కాదు, ప్రమాదం.

అంతా చేసినా ఒక సెమిస్టర్ పోతుందనుకోండి. పోనివ్వండి. సెమిస్టర్ పోవడం వేరు, చదువు పోవడం వేరు. మహారాష్ట్రలో ఏటీకేటీ అంటే ఏమిటో మీకు మేము చెప్పనక్కరలేదు. మిగిలిన పేపర్లు తర్వాత రాసుకుంటారు. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో సంపాదించిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్ల వరకు నిలుస్తాయి. మీ ఖాతా తెరిచారా లేదా కాలేజీలో అడగండి. యశవంతరావు చవాన్ మహారాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో, హైదరాబాద్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నాయి. అయితే ఒక్క మాట. దూరవిద్య మీ ఎంపిక కావాలి. "నీకిక అదే గతి" అని ఎవరో తోసేస్తే వెళ్లేది కాకూడదు.

ఒళ్లు ముందు

చదువు గురించి ఇంత చెప్పాం కాబట్టి ఒంటి సంగతి తేలిగ్గా తీసుకుంటామని కాదు. 2019-21 సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. క్లాసుకు ఆలస్యమవుతుందని పొద్దున తినకుండా పరుగెత్తే అమ్మాయి, మెస్‌లో పలచటి పప్పుతో సరిపెట్టుకునే అమ్మాయి ఈ లెక్కలోనే ఉంటుంది. ఐరన్ మాత్రలు ఆశా కార్యకర్త దగ్గర, ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. ఆరు నెలల పాటు రోజుకొకటి. మలం నల్లగా వస్తుందని భయపడి మానేస్తారు. అది మామూలే, మానకండి. టీతో కలిపి మాత్రం వేసుకోకండి.

కనీసం నాలుగుసార్లు పరీక్షలు చేయించుకోవాలి. ఎక్కువసార్లయితే ఇంకా మంచిది. ప్రతి నెల 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు డాక్టర్లు ఉచితంగా పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. ఆ తేదీన క్లాసు ఉంటే, అదే సెలవు చీటీలో రాయండి. ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, ఆపరేషన్ అయినా సరే, మందులు, రక్తపరీక్షలు, భోజనం, రవాణా ఉచితమని 2011 నాటి జననీ శిశు సురక్ష కార్యక్రమం చెప్తుంది. అర్హులైనవారికి మొదటి బిడ్డకు ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద 5,000 రూపాయలు, రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 రూపాయలు వస్తాయి. అంగన్‌వాడీలో పేరు నమోదు చేయించుకోండి.

రక్తం కనబడినా, తల పగిలిపోయేలా నొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా, ముఖం, చేతులు వాచినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలికలు తగ్గినా, రేపు ఇంటర్నల్ ఉందని ఆగకండి. 108కి ఫోన్ చేయండి. పరీక్ష మళ్లీ వస్తుంది. మరాఠ్వాడా ఎండల సంగతి మీకు తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో విష్ణుపురి బస్సు కోసం నిలబడేవాళ్లు నీళ్ల సీసా లేకుండా బయల్దేరొద్దు.

ఇక పుట్టింటి ఆచారం. ఏడో నెలలో అమ్మాయిని పుట్టింటికి తీసుకెళ్లడం మన తెలుగువాళ్లకూ ఉంది, ఇక్కడి మరాఠీవాళ్లకూ ఉంది. తల్లి చేతి ముద్దకు సాటి లేదు, కాదనం. కానీ ఏడో నెలలో వెళ్లి, బిడ్డకు మూడో నెల వచ్చాక తిరిగి వస్తే ఒక సెమిస్టర్ మొత్తం పోతుంది. అందుకే తేదీ మార్చుకోండి. సెమిస్టర్ పరీక్షలయ్యాక వెళ్లండి. లేదా తల్లే కొన్నాళ్లు నాందేడ్ వచ్చి ఉండనివ్వండి. ఆచారంలో ఉన్న ప్రేమ నిలవాలి, తేదీ నిలవనక్కరలేదు. సరిహద్దు దాటి నిర్మల్‌కో నిజామాబాద్‌కో వెళ్లేవాళ్లు తల్లీబిడ్డల కార్డు, స్కాన్ కాగితాలు సంచిలో పెట్టుకునే వెళ్లండి. అవి లేకపోతే అక్కడి డాక్టర్ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

"బాలింత పుస్తకం పడితే కళ్లు పోతాయి" అనే పెద్దమ్మలు ఇక్కడ ఉంటే, ప్రేమతోనే చెప్తున్నాం. కళ్లు పోవు. నిద్ర లేకపోతే తల తిరుగుతుంది. కాబట్టి పుస్తకం లాక్కోకండి, బిడ్డను ఒక గంట ఎత్తుకోండి.

తమ్ముళ్లకు ఒక మాట

ఇంతసేపూ ఇది ఆడవాళ్ల సంగతి కదా అని ఫోన్లు చూస్తున్న తమ్ముళ్లు కొందరు కనబడుతున్నారు. బాబూ, సగం బిడ్డ నీది. పిల్లలు ఎప్పుడన్నది భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. అత్త, ఆడపడుచు, పక్కింటివాళ్లు ఓటు వేసేది కాదు. చదువు అయ్యేదాకా ఆగుదామని ఆమె అంటే, ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లి అడగండి. ఎడం పాటించే పద్ధతులు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా ఉన్నాయి. అమ్మాయి ఒక్కతే వెళ్లి తలవంచుకుని అడిగే పని కాదది.

కడుపుతో ఉంటే, సెలవు చీటీ నువ్వు తీసుకెళ్లు. ఫారం గడువు నువ్వు గుర్తుపెట్టుకో. నోట్సు జిరాక్స్ నువ్వు తీయించు. వంట నేర్చుకో. బిడ్డ పుట్టాక ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలి. పాలు ఇవ్వడం ఒక్కటే నువ్వు చేయలేని పని. గుడ్డలు మార్చడం, జోల పాడటం, రాత్రి రెండింటికి భుజాన వేసుకుని తిరగడం, ఇవన్నీ చేయగలవు. సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పేముందు ఇంట్లో ఆ సాక్ష్యం ఉండాలి.

రమాబాయి బిడ్డను ఎవరు చూశారు?

ఈ మహారాష్ట్ర నేల మీదే మనకొక పాఠం ఉంది. పండిత రమాబాయి పేరు మీరు విని ఉంటారు. 1881లో ఆమెకు మనోరమ పుట్టింది. 1882లో భర్త పోయాడు. చేతిలో పసిపాప. ఆ రోజుల్లో విధవరాలికి గది మూల తప్ప చోటు లేదు. ఆమె 1883లో ఆ పాపను తీసుకుని ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లింది, చదువుకోవడానికి. అదే సంవత్సరం వాంటేజ్‌లో బాప్తిస్మం పొందింది. చెల్టన్‌హామ్ మహిళా కళాశాలలో చదివింది, బోధించింది. 1889లో ముంబైలో విధవల కోసం శారదా సదన్ తెరిచింది. తర్వాత పుణె దగ్గర కేడ్‌గావ్‌లో ముక్తి మిషన్ కట్టింది. బైబిలును మరాఠీలోకి అనువదించింది.

ఆమె ధైర్యం గురించి ప్రసంగాలు చాలా విన్నాం. మేము ఇంకో ప్రశ్న అడుగుతాం. ఆమె చదువుకుంటుంటే బిడ్డను ఎవరు చూశారు? వాంటేజ్‌లోని సహోదరీలు ఆ భారం పంచుకున్నారు. రమాబాయి పేరు మనకు మిగిలింది గాని, ఆ పాపకు అన్నం తినిపించిన చేతుల గురించి ఎవరూ చెప్పరు. ఆ చేతులు లేకపోతే ఆ చదువు సాగడం ఎంత కష్టమో ఆలోచించండి.

1886లో ఫిలడెల్ఫియాలో ఆనందీబాయి జోషి డాక్టర్ పట్టా అందుకుంటుంటే రమాబాయి చూడటానికి వెళ్లింది. ఆనందీబాయికి 14 ఏళ్ల వయసులో బిడ్డ పుట్టి, సరైన వైద్యం లేక పది రోజులకే పోయింది. ఆ దుఃఖమే ఆమెను వైద్యం చదివించింది.

మాట్లాడటానికి కష్టమైన సంగతి

పెళ్లి కాకుండా గర్భవతి అయిన విద్యార్థిని సంగతి కూడా చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేం. అలాంటి అమ్మాయికి మొదట తెలిసే భయం కాలేజీ కాదు, ఇల్లు, సంఘం. కొన్ని సంఘాల్లో ఆమెను బల్ల దగ్గరికి రానివ్వరు. అబ్బాయి మాత్రం గాయక బృందంలో గిటార్ వాయిస్తూనే ఉంటాడు. ఇదేం న్యాయం?

1863లో పుణెలో జోతిబా, సావిత్రీబాయి ఫూలే గర్భవతులైన విధవల కోసం ఒక ఇల్లు తెరిచారు. అవమానానికి భయపడి ప్రాణం తీసుకోకుండా, పసికందు ప్రాణం తీయకుండా, వచ్చి కని వెళ్లే చోటు అది. అక్కడికి వచ్చిన ఒక స్త్రీ కన్న బిడ్డనే దత్తత తీసుకుని యశ్వంత్ అని పెంచి, డాక్టర్‌ను చేశారు. వాళ్లు క్రైస్తవులు కారు. మన సంఘం తలుపు ఆ ఇంటి తలుపు కంటే ఇరుకుగా ఉండకూడదు.

ఆదికాండము 16వ అధ్యాయంలో హాగరు గర్భంతో అరణ్యంలోకి పారిపోయింది. ఇంటి గొడవ, యజమానురాలి కోపం, ఒంటరి దారి. దేవుడు నీటి ఊట దగ్గర ఆమెను పలకరించాడు. ఎక్కడి నుంచి వస్తున్నావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు. ఆమె దేవునికి పేరు పెట్టింది, తనను చూసే దేవుడని. అలాంటి అమ్మాయి మీ దగ్గరికి వస్తే మీరూ ఆ రెండు ప్రశ్నలే అడగండి. మూడో ప్రశ్న వద్దు.

చట్టం కూడా తెలుసుకోండి. 2021 యూజీసీ లేఖ స్త్రీ విద్యార్థుల గురించి మాట్లాడుతుంది, పెళ్లి ఫోటో అడగదు. అయితే అమ్మాయికి 18 నిండకపోతే అది వేరే విషయం. అక్కడ పోక్సో చట్టం ఉంది. దాన్ని రాజీ పంచాయితీలతో కప్పిపుచ్చడం నేరం. 1098 పిల్లల సహాయ నంబరు. ఆ అమ్మాయికి ముందు డాక్టర్, తర్వాత భద్రత, తర్వాత చదువు, ఈ వరుసలో నిలబడండి.

సంఘం చేయగలిగినవి

ప్రార్థన చేస్తాం అంటే సరిపోదు. ఈ నెలలోనే మొదలుపెట్టగల పనులు నాలుగు చెప్తాం.

ఒకటి, మందిరంలో వారం మధ్య రోజుల్లో ఖాళీగా ఉండే ఒక గది పసిపిల్లల కోసం తెరవండి. రెండు చాపలు, ఒక ఉయ్యాల, రిటైరైన ఇద్దరు అమ్మమ్మలు చాలు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ గది పెట్టాలని 2017 సవరణ చెప్పింది, ఉద్యోగుల పిల్లల కోసం. విద్యార్థినుల పిల్లలకూ అలాంటి గది కావాలని యూనివర్సిటీని అడుగుదాం. అడుగుతూనే మన గది మనం తెరుద్దాం.

రెండు, మరాఠీలో, ఇంగ్లీషులో అర్జీ నమూనా ఒకటి తయారుచేసి యువజన నాయకుల దగ్గర పెట్టండి. పేరు, తేదీ రాసుకుంటే సరిపోయేలా ఉండాలి.

మూడు, పెళ్లికి ముందు పాస్టర్లు ఇచ్చే ఆలోచనా తరగతుల్లో చదువు సంగతి కూడా చేర్చండి. "పెళ్లయ్యాక చదివిస్తాం" అన్న మాటను ఇరువైపుల పెద్దల ముందు అడగండి. ఎలా చదివిస్తారు, ఫీజు ఎవరు కడతారు, బిడ్డ పుడితే ఎవరు చూస్తారు? జవాబు అక్కడే చెప్పించండి.

నాలుగు, అందరూ కలిసి యూనివర్సిటీకి ఒక వినతిపత్రం ఇద్దాం. 2021 లేఖ ప్రకారం ఇక్కడి విద్యార్థినులకు వర్తించే ప్రసూతి సెలవు నియమాలను అన్ని అనుబంధ కాలేజీల నోటీసు బోర్డుల మీద మరాఠీలో పెట్టమని అడుగుదాం. మన అమ్మాయిల కోసమే కాదు, వాళ్ల పక్క బెంచీలో కూర్చునే మరాఠీ, ఉర్దూ, లంబాడీ అమ్మాయిల కోసం కూడా. అందరూ సంతకం చేస్తే అది ఒక సంఘం అర్జీ కాదు, విద్యార్థుల మాట అవుతుంది.

ఆదికాండము 33వ అధ్యాయంలో చిన్న ఘట్టం ఉంది. ఏళ్ల తర్వాత అన్నదమ్ములు కలుసుకున్నారు. ఏశావు, పద, కలిసి వెళ్దాం అన్నాడు. యాకోబు ఒప్పుకోలేదు. నా దగ్గర పసిపిల్లలున్నారు, పాలిచ్చే గొర్రెలూ పశువులూ ఉన్నాయి, ఒక్క రోజు వేగంగా తోలితే మందంతా చచ్చిపోతుంది, నువ్వు ముందు వెళ్లు, నేను వీటి నడకను బట్టి మెల్లగా వస్తాను అన్నాడు. యాకోబు ప్రయాణం మానలేదు. గొర్రెలను దారిలో వదిలేయలేదు. నడక వేగం ఒక్కటి మార్చాడు. యూనివర్సిటీని మనం అడిగేదీ అంతే, ఇంటిని అడిగేదీ అంతే.

ఈ కూడిక అయ్యాక బయట బల్ల మీద కాగితాలు, కలం ఉంటాయి. అర్జీ నమూనా తయారుచేయడానికి మరాఠీ బాగా వచ్చినవాళ్లు నలుగురు కావాలి. వారానికి రెండు గంటలు బిడ్డలను చూసే పెద్దవాళ్లు కావాలి. వినతిపత్రానికి సంతకాలు కావాలి. తమ్ముళ్లు ముందు వరుసలో నిలబడితే మాకు సంతోషం.

ప్రభువు మనందరికీ తోడైయుండును గాక.